నేను తగ్గాలంటే: విశ్వాసి చేతిలో ఉన్న పనులు

"ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది" అని యేసు గురించి బాప్తిస్మమిచ్చు యోహాను అన్న మాట సంఘాల్లో తరచూ వినపడుతుంది. తగ్గడం ఎలాగన్నదే చిక్కు. "ప్రభువా, నా గర్వం తీసెయ్యి" అని గంటసేపు మోకరించినా, ఆ గంటంతా మన గురించే ఆలోచించినట్టవుతుంది. అందుకే మనసును తవ్వుకునే పని పక్కనపెట్టి, కళ్లను, చేతులను ఇంకొకరి వైపు తిప్పే పనులతో మొదలుపెట్టండి.

మొదట ప్రార్థన. ఒక వారం పాటు రోజూ ప్రార్థనయ్యాక, ఏమేం అడిగారో కాగితం మీద రెండు భాగాలుగా రాయండి. ఒకవైపు మన ఆరోగ్యం, మన పిల్లల సీట్లు, మన అప్పులు, మన వీసా. రెండోవైపు ఇతరులవి. రెండోవైపు వెలితిగా కనిపిస్తే, యేసు శిష్యులకు నేర్పిన పరలోక ప్రార్థన వరుస పట్టుకోండి. అందులో దేవుని నామం, రాజ్యం, చిత్తం అయ్యాకే అనుదినాహారం. మీరూ ముందు స్తుతించి, తర్వాత ముగ్గురిని పేరు పెట్టి తలచుకుని, ఆ పైన మీ సంగతి చెప్పుకోండి. "అందరినీ దీవించు తండ్రీ" అంటే ఎవరి కోసమూ అడగనట్టే. ముగ్గురిలో ఒకరు మీకు గిట్టనివారు కావాలి (మత్తయి 5:44). ఆ మనిషి కోసం ఏం అడగాలో తోచలేదంటే, వారి కష్టమేమిటో మీకు తెలియదన్నమాట. ఆదివారం ఆరాధన అయ్యాక పలకరించి అడగండి. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా "మా ఇంట్లోనూ అంతేనండీ" అని మాత్రం అందుకోవద్దు. ఆ ఒక్క మాటతో సంభాషణ మన ఇంటికి వచ్చేస్తుంది.

తర్వాత ఇవ్వడం. మిజోరంలో ప్రెస్బిటేరియన్ కుటుంబాలు 1910 నుంచి ఒక అలవాటు పాటిస్తున్నాయి: వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి సంఘం కోసం పక్కన పెడతారు. మీ ఇంట్లోనూ చేయవచ్చు. పిడికెడు బస్తాలోంచి అదనంగా తీస్తే అర్థం లేదు; వండడానికి కొలిచిన బియ్యంలోంచే, కడగకముందే తీయాలి. మన పళ్లెంలో కాస్త తగ్గాలి. రోజుకు రెండు పూటలైతే నెలకు దాదాపు రెండు మూడు కిలోలు పోగవుతాయి. ఎవరికి చేరిందో మీకూ, ఎవరిచ్చారో వాళ్లకూ తెలియకుండా సంఘ పెద్ద చేతికివ్వండి. ఫొటో తీసి స్టేటస్ పెట్టారా, ఆ ఫలం అక్కడికక్కడే ముట్టిపోయింది (మత్తయి 6:2).

సేవలో మైకు పట్టే పని కోరుకోకండి. ప్రేమ విందు (సంఘమంతా కలిసి తినే భోజనం) అయ్యాక అడుగంటిన గుండిగలు తోమేవాళ్లు, మందిరం మరుగుదొడ్డి కడిగేవాళ్లు ఎప్పుడూ తక్కువే. యేసు తన శిష్యుల పాదాలు కడిగింది కూడా గదిలో ఇంకెవరూ ఆ పనికి లేవనప్పుడే (యోహాను 13).

ఇక్కడే జనం ఎక్కువగా జారిపడతారు. లూకా 18లోని పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుడు) వారానికి రెండుసార్లు ఉపవాసం చేసేవాడు, పదోవంతు ఇచ్చేవాడు. రెండూ మంచి పనులే. దూరంగా నిలబడ్డ సుంకరితో, అంటే పన్నులు వసూలు చేసేవాడితో, పోల్చుకోవడంతోనే చెడింది. కాబట్టి ప్రార్థనల లెక్క మొదటి వారంతో ఆపేయండి, కాగితం చించేయండి. "నేనెంత పాపినో" అని సాక్ష్యంలో పదే పదే చెప్పి, ఎవరైనా కాదంటారేమోనని ఎదురుచూడడం ఇదే జబ్బుకు ఇంకో రూపం.

మన లోపం మనకు కనపడదు కనుక ఒక తోడు కావాలి. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్ బోధకుడు జాన్ వెస్లీ తన అనుచరులైన మెథడిస్టులను సుమారు పన్నెండుమంది చొప్పున తరగతులుగా చేసి, వారం వారం ఒకరి బాగోగులు ఒకరికి తెలిసేలా చూశాడు. మీకు ఒక్కరు చాలు, వారానికి పావుగంట చాలు. మీ మాటకు తలూపే మనిషి వద్దు. "ఈ వారం ఎక్కడ నా మాటే నెగ్గాలని పట్టుబట్టాను?" అని అడిగి, జవాబు వచ్చాక సంజాయిషీ ఇవ్వకుండా ఊరుకోండి. కష్టమంతా అందులోనే ఉంది.

ఒక హెచ్చరిక. ఫిలిప్పీ 2:4 సొంత అవసరాలు చూసుకోవద్దనడం లేదు, ఇతరులవి కూడా చూడమంటోంది. ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషికి "నిన్ను నీవు ఉపేక్షించుకో" అని వాక్యం చూపడం పాపం. వాళ్లకు ముందు కావలసింది సురక్షితమైన చోటు. కూర్చోబెట్టి ఈ సాధన నేర్పకండి.