మీమ్ ఎక్కడ పుట్టిందో కనిపెట్టడం ఎలా?

ప్రతి మీమ్‌కీ రెండు పుట్టుకలు: బొమ్మ పుట్టింది ఒకచోట, దానికి అర్థం పుట్టింది ఇంకోచోట. రెండూ వెతకాలి. మొదటిది దొరకగానే ఆగిపోవడమే అందరూ చేసే పొరపాటు.

ముందుగా బొమ్మ మీది రాతలు, పేజీ పేర్లు, అంచులు కత్తిరించండి. వాటితోనే గూగుల్ లెన్స్‌లో (బొమ్మతో బొమ్మను వెతికే సాధనం) పెడితే అదే రాత ఉన్న ఫార్వర్డులే ఎక్కువగా వస్తాయి, అసలు ఫోటో రాదు. ఏమీ దొరక్కపోతే బొమ్మను అద్దంలోలా కుడి ఎడమలు మార్చి మళ్లీ చూడండి.

తర్వాత అదే బొమ్మను టిన్‌ఐ అనే బొమ్మల వెతుకులాట సైటులో పెట్టి, పాతవి ముందు వచ్చేలా అమర్చండి. అక్కడ కనిపించేది టిన్‌ఐ ఆ బొమ్మను మొదట చూసిన తేదీ, ఎవరో పోస్టు చేసిన తేదీ కాదు. కాబట్టి 'అప్పటికే ఉంది' అనడానికి మాత్రమే అది పనికొస్తుంది.

ప్రియురాలు పక్కనుండగా వేరే అమ్మాయి వైపు తిరిగి చూసే కుర్రాడి ఫోటో తెలిసిందే కదా. స్పెయిన్ ఫోటోగ్రాఫర్ ఆంటోనియో గిల్లెమ్ దాన్ని 2015లో జిరోనాలో, స్టాక్ ఫోటోగా అమ్మడానికి తీశాడు. మీమ్‌గా ప్రపంచమంతా తిరిగింది మాత్రం 2017 ఆగస్టులో. ఇలాంటి మధ్యకాలాన్ని గాలించడానికి గూగుల్ సెర్చ్‌లోని టూల్స్‌లో తేదీల హద్దు పెట్టుకోండి. పాత పేజీలో కొత్త బొమ్మ చేరి ఉండొచ్చు, అందుకని పాత వెబ్ పేజీలను దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్‌ సైటులో ఆనాటి పేజీ తెరిచి సరిచూడాలి.

అర్థం కోసం అదే మీమ్‌ను వాడిన కనీసం పది పన్నెండు రకాలు పోగేసి తేదీల వరసలో పెట్టండి. ఎవరు, ఎవరి మీద వాడారో పక్కన రాయండి. ఈ పనికి తొందర పనికిరాదు. పెపే కప్పనే చూడండి: మాట్ ఫ్యూరీ 2005లో కామిక్ కోసం గీసిన అమాయకపు పాత్ర అది. 2016లో అమెరికాలో ద్వేషాన్ని ఎదిరించే సంస్థ యాంటీ డిఫమేషన్ లీగ్ దాన్ని ద్వేష చిహ్నాల్లో చేర్చింది. వాడేవాళ్లందరూ ద్వేషంతో వాడట్లేదని కూడా చెప్పింది. 2019లో హాంకాంగ్ నిరసనకారులు అదే కప్పను స్వేచ్ఛకు గుర్తుగా పట్టుకున్నారు. దాని అర్థమేమిటని ఎవరైనా అడిగితే, ఏ ఏడు, ఏ ఊరు అని ఎదురు అడగాలి.

తెలుగు మీమ్‌లకు ఇంగ్లిష్ సైట్లు అంతగా అక్కరకు రావు. బ్రహ్మానందం ముఖం కనిపిస్తే, సన్నివేశాన్ని తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి యూట్యూబ్‌లో వెతకండి. దొరికాక ముందూ వెనకా రెండేసి నిమిషాలు చూడండి. బొమ్మ మీద రాసిన డైలాగ్ చాలాసార్లు ఆ సినిమాలోనే ఉండదు. ఆయన అక్కడ భయపడుతుంటే మీమ్‌లో అది వెటకారం అయిపోయి ఉండొచ్చు.