ఫోన్‌లో వైరస్ ఉందని నోటిఫికేషన్లు వస్తున్నాయా? రీసెట్ కొట్టే ముందు ఇది చూడండి

ఫోన్ పక్కన పడేసి చదువుకుంటుంటే టింగుమని ఒకటి వస్తుంది: 'మీ ఫోన్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే క్లీన్ చేయండి'. తుడిచేస్తే కాసేపటికి ఇంకోటి: 'మీకు బహుమతి వచ్చింది'. రాత్రయ్యేసరికి ఇంట్లో వాళ్ల ముందు పరువు తీసే బొమ్మలు కూడా మొదలవుతాయి. ఆ టెన్షన్‌లో అందరూ చేసేవి రెండే పనులు. చేతికి దొరికిన యాంటీవైరస్ యాప్ వేయడం, లేదంటే ఫోన్ మొత్తం రీసెట్ కొట్టడం. రెండోది ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. ఫొటోలు పోతాయి, మళ్లీ అదే సైట్‌కి వెళ్లగానే సమస్య తిరిగొస్తుంది.

ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చేయని పని ఒకటుంది: ఆ నోటిఫికేషన్ ఎవరు పంపారో చూడటం. తుడిచేయకుండా దాన్ని కాసేపు నొక్కి పట్టుకోండి. పంపిన యాప్ పేరు కనిపిస్తుంది. బొమ్మ చూసి మోసపోవద్దు. వాట్సాప్ గుర్తో, యాంటీవైరస్ లోగోనో, ఏ బొమ్మ కావాలంటే అది సైట్ వాళ్లు పెట్టుకోవచ్చు. పేరు మాత్రం దాచలేరు. చాలా ఫోన్లలో అక్కడ ఉండేది 'క్రోమ్', దాని పక్కనో కిందో ఎప్పుడూ వినని ఒక సైట్ అడ్రస్.

క్రోమ్ అని ఉంటే

ఆ నోటిఫికేషన్ పంపుతున్నది వైరస్ కాదు, వెబ్‌సైట్. దానికి పర్మిషన్ ఇచ్చింది మీరే. "నేనెప్పుడు ఇచ్చానన్నా?" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఫ్రీగా సినిమా చూద్దామని ఒక సైట్‌కి వెళ్లి ప్లే బటన్ నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుని ఉంటుంది. 'మీరు రోబో కాదని తేలాలంటే అలౌ నొక్కండి' అని అందులో పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. రోబోకీ అలౌకీ ఏ సంబంధమూ లేదు. అసలైన క్యాప్చా (మనిషో రోబోనో తేల్చే పరీక్ష) ఎప్పుడూ నోటిఫికేషన్ పర్మిషన్ అడగదు. ఫలితాల రోజున ఇంటర్ బోర్డు సైట్ తెరుచుకోక, గూగుల్‌లో కనిపించిన ప్రతి లింకూ నొక్కేవాళ్లు కూడా ఇలాగే దొరికిపోతారు.

తీయడం ఇలా. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. అనుమతి ఉన్న సైట్ల లిస్ట్ వస్తుంది. మీకు తెలియని ప్రతి పేరునూ బ్లాక్ చేయండి. పైనున్న మెయిన్ స్విచ్ కూడా ఆపేస్తే ఏ కొత్త సైటూ అసలు అడగదు.

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఒక్క సైట్ తీసేసి, పని అయిపోయిందనుకుంటారు. మర్నాడు మళ్లీ మొదలు. ఎందుకంటే ఆ 'రోబో కాదు' పేజీ అడిగినప్పుడు 'బ్లాక్' నొక్కినా అది ఊరుకోదు, అడ్రస్‌లో మొదటి ముక్క మార్చుకుని ఇంకో పేరుతో మళ్లీ అడుగుతుంది. విసుగొచ్చి ఎక్కడో ఒకచోట అలౌ నొక్కేస్తాం. అందుకే లిస్ట్‌లో ఒకే పేరు కొద్దికొద్ది తేడాలతో నాలుగైదు సార్లు కనిపిస్తుంది. లిస్ట్ చివరిదాకా చూడాలి. అన్నీ తీసినా వస్తున్నాయంటే ఫోన్‌తో వచ్చిన ఇంకో బ్రౌజర్ సంగతి మర్చిపోయారన్నమాట. శాంసంగ్ ఫోన్లలో శాంసంగ్ ఇంటర్నెట్ ఉంటుంది, మిగతా కంపెనీలకూ సొంత బ్రౌజర్లు ఉంటాయి. వాటిలోనూ ఇదే లిస్ట్ వెతకండి.

క్రోమ్ కాకుండా, తెర నిండా యాడ్లు వస్తుంటే

ఏదో యాప్ పని ఇది. యాడ్ వచ్చినప్పుడే రీసెంట్ యాప్స్ బటన్ నొక్కితే దాని గుర్తు తెలుస్తుంది. ఎక్కువగా టార్చ్, క్లీనర్, వాల్‌పేపర్ లాంటివే. అన్ఇన్‌స్టాల్ చేస్తే పోతుంది.

ఏపీకే ఫైల్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే

పెళ్లి కార్డు పేరుతోనో, ట్రాఫిక్ చలాన్ పేరుతోనో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ని నేరుగా ఎక్కించే ఫైల్) వేసి, ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ (తెర మీదున్నది చదివి, మీ బదులు బటన్లు నొక్కే అధికారం) పర్మిషన్లు ఇచ్చేశారా? అయితే ఇది నిజమైన ప్రమాదం. మీకొచ్చే ఓటీపీలు వాళ్లకు వెళ్తాయి. ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, వైఫై ఆగిందో లేదో కూడా చూడండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ తర్వాత యాక్సెసిబిలిటీలోనూ, డివైస్ అడ్మిన్ యాప్స్‌లోనూ (ఫోన్ మీద ప్రత్యేక అధికారం ఉన్న యాప్‌ల లిస్ట్) దాన్ని ఆపి అన్ఇన్‌స్టాల్ చేయాలి. బటన్ పని చేయకపోతే సేఫ్ మోడ్‌లో (మీరు వేసుకున్న యాప్‌లు నడవకుండా ఫోన్ తెరిచే పద్ధతి) ప్రయత్నించండి. ఇక్కడ మాత్రం రీసెట్ కొట్టడమే మంచిది, ఫొటోలు దాచుకున్నాక. పాస్‌వర్డ్‌లు ఇంకో ఫోన్ నుంచి మార్చుకోండి. అమ్మకో నాన్నకో తిడతారని దాచకండి. ఆ ఫోన్‌లో వాళ్ల బ్యాంకు యాప్ కూడా ఉంటుంది కదా.

ఫ్యాక్టరీ నుంచే వైరస్‌తో వచ్చిన ఫోన్లు, సెట్టింగ్స్ మారిపోయిన రూటర్లు ఉన్నాయి గానీ చాలా అరుదు. పైవన్నీ చూసేదాకా వాటి జోలికి వెళ్లొద్దు. ఐఫోన్‌లో ఇలాంటి హెచ్చరికలు క్యాలెండర్ నుంచి వస్తుంటే, క్యాలెండర్ల లిస్ట్‌లో మీకు తెలియనిదాన్ని డిలీట్ చేస్తే చాలు.