బీపీ బిళ్లలు వాడటం, 5వ పాఠం: స్ట్రిప్ మీది అంకె

గత పాఠంలో, స్ట్రిప్ మీద పెద్దక్షరాల్లో ఉండే కంపెనీ పేరు వదిలేసి సన్నగా అచ్చువేసిన మందు పేరు చదవమన్నాను. చదివారు, సంతోషం. కానీ చాలామంది ఆ పేరు పక్కనున్న అంకె దగ్గర బోల్తాపడ్డారు. ఈసారి చెప్పాల్సిన 'బిళ్ల మర్చిపోతే' పాఠం అందుకే వెనక్కి పోయింది. అప్పటిదాకా ఒక్కటే: మర్చిపోయామని మర్నాడు రెండు వేసుకోవద్దు.

"నాన్నగారిది 40 పవర్, అమ్మది 5 పవరే, అమ్మకి బీపీ తక్కువన్నమాటే కదా?" అని అడిగారొకరు. నాన్నగారిది టెల్మిసార్టాన్, అమ్మది ఆమ్లోడిపిన్. రెండూ వేరే మందులు. టెల్మిసార్టాన్ రోజుకు 80 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు, ఆమ్లోడిపిన్ 10 దాటనివ్వరు. ఆ అంకెలు పోల్చి బీపీ ఎంతో చెప్పలేం.

నాకు అసలు చిరాకు తెప్పించేది ఇంకోటి. ఆమ్లోడిపిన్ 5 వాడే మనిషికి డాక్టర్ మార్చి ఎస్-ఆమ్లోడిపిన్ 2.5 రాస్తారు. ఇంటికొచ్చి స్ట్రిప్ చూసి, "షాపువాడు సగం పవర్ ఇచ్చాడు" అని రెండు వేసేసుకుంటారు. అది సగం కాదండీ! మామూలు ఆమ్లోడిపిన్‌లో ఒకే అణువు ఎడమచేయి, కుడిచేయిలా రెండు రూపాల్లో సమానంగా ఉంటుంది. బీపీ దించే పని దాదాపు అంతా ఎస్ రూపానిదే. రెండోదాన్ని తీసేశారు కనుక బరువు సగమైంది, పని మాత్రం తగ్గలేదు. అంటే 2.5 రెండు వేసుకుంటే పాత లెక్కలో 10 వేసుకున్నట్టే. లేచి నిలబడితే కళ్లు తిరగొచ్చు. కొన్నాళ్లకు చీలమండలు ఉబ్బి చెప్పు పట్టీ పట్టకపోతే, కిడ్నీలు పోయాయేమోనని టెన్షన్ మొదలవుతుంది. తిరకాసు అటువైపూ ఉంది: ఎస్ 2.5 వాడేవారికి మామూలు 2.5 ఇస్తే అందేది సగం మందే.

ఇప్పటికే రెండేసి వేసుకుంటున్నవారు భయపడి మొత్తం మానేయకండి. బీపీ చూసుకుని ఈరోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

మెటోప్రొలోల్ అనే బీపీ మందులో సక్సినేట్ 47.5 సంగతీ ఇలాంటిదే. సక్సినేట్, టార్ట్రేట్ అనేవి ఆ మందుతో కలిపే వేర్వేరు లవణాలు, వాటి బరువులు వేరు. అది టార్ట్రేట్ 50కి సమానమని స్ట్రిప్ మీదే ఉంటుంది, అచ్చుతప్పు కాదు. ఈ మందును ఉన్నట్టుండి ఆపకూడదు, గుండెకు ప్రమాదం.

కంపెనీ పెట్టిన పేరు చివర ఏఎం ఉంటే సాధారణంగా ఆమ్లోడిపిన్, హెచ్ ఉంటే మూత్రం ఎక్కువ పోయించే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిందని. అక్షరాన్ని నమ్మి ఊరుకోక సన్న అచ్చు చదవండి. నేనైతే విడివిడి బిళ్లలకే ఓటేస్తాను, మోతాదు మార్చడం తేలిక. మతిమరుపు ఉన్నవారికి కలిపినదే మేలు.

అభ్యాసం: ఇంట్లో ఉన్న బీపీ స్ట్రిప్పులన్నీ, ఫ్రిజ్ మీదివీ హ్యాండ్‌బ్యాగులోవీ కూడా, ముందేసుకోండి. ఒక్కోదానికి మందు పేరు, మిల్లీగ్రాములు, గడువు తేదీ, చీటీలో రాసిన వేళ కాగితం మీద దించండి. ఒకే మందు రెండుచోట్ల కనబడితే ఆ కాగితం డాక్టర్‌కి చూపించండి. షాపులో కత్తిరించి ఇచ్చిన ముక్క మీద పేరో తేదీయో లేకపోతే అది వాడొద్దు. ఈసారి పేరున్న వైపు ముక్కే అడిగి తీసుకోండి.