లావో ద్రాక్షతోటల మీదుగా ఒక్క రోజులో 33 కిలోమీటర్లు నడవడం ఎలా?

ద్రాక్షతోట అనగానే మనకు గుర్తొచ్చేది పందిరి. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటల్లో తిరిగినవాళ్లకు తెలుసు, తలపైన గుత్తులు, కింద చల్లటి నీడ. స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డునున్న లావోకు కూడా అదే ఊహతో వెళ్తే మధ్యాహ్నానికల్లా మాడు పగిలిపోతుంది. అక్కడ పందిళ్లుండవు. కొండవాలును మెట్లు మెట్లుగా మలిచి, రాతిగోడలు కట్టి, ప్రతి మెట్టు మీదా మనిషి ఎత్తు మించని తీగలను వరుసగా పెంచుతారు. చెట్టు ఎక్కడో ఒకటి కనిపిస్తుంది, అంతే.

11వ శతాబ్దం నాటికి ఈ నేల క్రైస్తవ మఠాల చేతిలో ఉండేది. అప్పటి నుంచీ కడుతూ, కూలినచోట మళ్లీ కడుతూ వచ్చిన ఈ గోడలన్నీ కలిపితే 400 కిలోమీటర్లు దాటుతాయి. 2007లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లోజాన్ నగరంలోని ఊషీ రేవు నుంచి షియోన్ కోట వరకు ఒడ్డు వెంట నడిస్తే సుమారు 33 కిలోమీటర్లు. ఆగకుండా నడిస్తే ఎనిమిదిన్నర, తొమ్మిది గంటల దారి. దీనికి పర్వతారోహణ అనుభవం అక్కర్లేదు. వారానికి రెండు మూడుసార్లు పది కిలోమీటర్లు నడిచే అలవాటుంటే చాలు.

ఒక సంగతి మొదటే చెప్పాలి. దారి పొడవునా కింద రైలు మార్గం ఉంటుంది. లుత్రీ, కుల్లీ, ఎపెస్, రివా, సాన్ సఫొరాన్, వెవే, మోంత్రో, ఇలా దాదాపు ప్రతి ఊరికీ స్టేషన్ ఉంది. అందుకే మొత్తం నడుస్తామని బయల్దేరండి. కాళ్లు వద్దన్న చోట రైలెక్కేయండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ముందు నెల చూసుకోండి

మే చివరి నుంచి జూన్ మధ్య వరకు బాగుంటుంది. పగలు పదిహేను గంటలకు పైగా ఉంటుంది కాబట్టి చీకటి పడుతుందన్న టెన్షన్ ఉండదు. జులై, ఆగస్టు నెలల్లో ఈ గోడల మధ్య పొద్దంతా నడవడం నేనైతే ఎవరికీ చెప్పను. సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో పళ్ల కోత. ఆకులు పసుపెక్కుతాయి, తోటల్లో సందడి ఉంటుంది. చూడటానికి అదే అందమైన కాలం. కానీ పగలు తగ్గిపోతుంది కాబట్టి మొత్తం దారి కాకుండా లుత్రీ నుంచి సాన్ సఫొరాన్ వరకు, పదకొండు పన్నెండు కిలోమీటర్లు పెట్టుకుంటే హాయి.

ఏ వైపు నుంచి నడవాలి?

పడమర నుంచి తూర్పుకు, అంటే లోజాన్ నుంచి షియోన్‌కు. చాలామంది దీనికి ఎదురుగా వస్తుంటారు, తప్పేమీ లేదు. కానీ ఎక్కుడు దిగుడులన్నీ లుత్రీకీ సాన్ సఫొరాన్‌కూ మధ్యే ఉన్నాయి. అవి పొద్దున్నే అయిపోవాలి. వెవే దాటాక దాదాపు అంతా చదునైన ఒడ్డుదారి. సాయంత్రం మోకాళ్లు మొరాయించే వేళకు మీకు కావల్సింది అదే. పైగా ఆల్ప్స్ కొండలు పొద్దుటి నుంచీ ఎదురుగా ఉంటూ, నడిచేకొద్దీ పెద్దవవుతుంటాయి.

ముందురోజు సర్దుకోవాల్సినవి

చెప్పులు, బూట్ల దగ్గర చాలామంది పొరపడతారు. స్విట్జర్లాండ్, కొండలు అనగానే మా బావ చీలమండ దాటే బరువైన ట్రెక్కింగ్ బూట్లు కొన్నాడు, అదీ బయల్దేరే ముందు వారం. కుల్లీ చేరేసరికి రెండు మడమలూ బొబ్బలెక్కాయి. లావో దారి మట్టిబాట కాదు. ఎక్కువ భాగం తోటపనివాళ్ల ట్రాక్టర్లు తిరిగే సిమెంటు, తారు దారులే. కాబట్టి మెత్తటి అడుగున్న, బాగా అలవాటైన నడక బూట్లు చాలు. ఒక జత సాక్సు అదనంగా పెట్టుకుని మధ్యాహ్నం మార్చండి.

ఎండ సంగతి ఇంకా ముఖ్యం. ఇక్కడివాళ్లు లావోకు ముగ్గురు సూర్యులంటారు. ఒకడు ఆకాశంలో ఉన్నవాడు, రెండోవాడు సరస్సు మీద పడి తిరిగొచ్చే వెలుగు, మూడోవాడు పగలంతా వేడెక్కి రాత్రి ఆ వేడిని వదిలే రాతిగోడ. ద్రాక్ష పండేది ఆ ముగ్గురి వల్లే. మధ్యలో నడిచేవాడి మీదా ముగ్గురూ పడతారు. అంచులున్న టోపీ పెట్టుకున్నా నీటి వెలుగు కింద నుంచి కొడుతుంది. సన్‌స్క్రీన్ గడ్డం కిందా, మెడకూ కూడా రాయాలి.

నీళ్లు లీటరున్నర మోస్తే చాలు. ఊళ్లలో రాతి తొట్లలోకి పడే ధారలుంటాయి, వాటి దగ్గర నింపుకోవచ్చు. ‘ఓ నాన్ పొటాబ్ల్’ అన్న బోర్డుంటే మాత్రం అవి తాగే నీళ్లు కావు. తిండి వెంట తీసుకెళ్లడమే మంచిది. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసేస్తారు, చిన్న ఊళ్లలో మధ్యాహ్నం కూడా తలుపులేస్తారు. బస చేసినచోట వంట వీలుంటే చింతపండు పులిహోర కలుపుకోండి. ఎండలో సాయంత్రం దాకా నిలబడేది అదే, పెరుగన్నం కాదు.

నడక

లోజాన్ రైల్వే స్టేషన్ దగ్గర మెట్రో ఎక్కితే కొన్ని నిమిషాల్లో ఊషీ రేవులో దిగుతారు. ఏడింటికల్లా అక్కడుండండి. లుత్రీ వరకు దారి ఒడ్డు వెంటే, కంగారు లేదు.

లుత్రీలో సరస్సును వదిలి పైకెక్కాలి. అసలు లావో ఇక్కడే మొదలవుతుంది. పసుపు రంగు బోర్డులను పట్టుకుని వెళ్లండి. వాటి మీద సాధారణంగా కిలోమీటర్లుండవు, గంటలూ నిమిషాలూ ఉంటాయి. చదును నేల మీద గంటకు 4.2 కిలోమీటర్ల లెక్కన, విరామాలు కలపకుండా వేసిన సమయాలవి. ఫొటోలు తీసుకుంటూ నడిచే మనం దానికి మూడోవంతు కలుపుకోవాలి. బోర్డు మూడుంబావు గంటలంటే నాలుగున్నర అనుకోండి.

విలెట్, కుల్లీ, రియే, ఎపెస్. ఊరికీ ఊరికీ మధ్య ద్రాక్ష తప్ప ఏమీ కనిపించదు. జెనీవా సరస్సు ఎదురుగా ఉన్న కొండవాలు మీద విల్లాలు లేవకుండా ఎలా ఆగాయా అని నాకు మొదట అర్థం కాలేదు. కారణం, ఇక్కడి వో రాష్ట్రం ప్రజలు 1977లో ఓటేసి లావోను కాపాడాలని తీర్పిచ్చారు. ఆ నిబంధన వాళ్ల రాజ్యాంగంలోకి ఎక్కింది. ఊరి హద్దు దగ్గర ఇళ్లు గీత గీసినట్టు ఆగిపోవడం గమనించండి.

ఎపెస్ దాటాక వచ్చే దెజాలే వాలు ఈ రోజంతటికీ గుండెకాయ. వాలు నిటారుగా ఉంటుంది. గోడ పక్కన సన్నటి ఒంటిపట్టా ఒకటి కొండ పైకి పాకుతుంటుంది. కోత కాలంలో పళ్లపెట్టెలను మోసే చిన్న యంత్రం దాని మీదే నడుస్తుంది. అది లేని రోజుల్లో ఆ బరువంతా మనుషుల వీపు మీదే. ఇక్కడ అరగంట కూర్చోండి. అవతలి ఒడ్డున ఫ్రాన్స్ కొండలు, కింద 310 మీటర్ల లోతు దాకా దిగే నీళ్లు, ఎప్పుడో ఒకసారి తెల్లటి స్టీమరు. నేను ఈ చోటికే మళ్లీ వెళ్లాలనుకుంటాను, కోటకు కాదు.

దారిలో మర్యాద ఒకటే. గుత్తి ఎంత దగ్గరగా వేలాడుతున్నా కోయొద్దు, గోడలెక్కొద్దు. ట్రాక్టరు వస్తే పక్కకు జరిగి ‘బోంజూర్’ అనండి, వాళ్లూ అంటారు.

రివా మీదుగా సాన్ సఫొరాన్‌కు ఒంటిగంట ప్రాంతంలో చేరతారు. భోజనం అక్కడే. ఆ తర్వాత వెవేకు కాస్త ముందు, కోర్సో దగ్గర రోడ్డు పక్కనే తెల్లటి చిన్న ఇల్లొకటుంది. చూడకుండా దాటేసేటంత మామూలుగా ఉంటుంది. ఆర్కిటెక్ట్ లె కొర్బూజియే 1923-24లో తన తల్లిదండ్రుల కోసం కట్టిన ఇల్లది. తర్వాత చండీగఢ్‌ నగరాన్ని తీర్చిదిద్దింది ఈయనే. 2016లో ఈ ఇల్లూ, చండీగఢ్‌లోని కాపిటల్ కాంప్లెక్సూ ఒకే పట్టికలో యునెస్కో జాబితాకెక్కాయి.

వెవే ఒడ్డున చార్లీ చాప్లిన్ విగ్రహం ఉంటుంది, ఆయన చివరి పాతికేళ్లు ఈ ఊరి పక్కనే గడిపాడు. దానికెదురుగా నీళ్లలో నిలబెట్టిన పెద్ద ఫోర్కు. ఇక్కడికి వచ్చేసరికి రెండున్నర, మూడవుతుంది. కాళ్ల మీద నమ్మకం లేకపోతే ఆగాల్సిన చోటు ఇదే, ఎందుకంటే అసలు తోటలు మీరప్పటికే చూసేశారు. ఓపికుంటే మోంత్రో ఇంకో రెండు గంటలు, అక్కడి నుంచి షియోన్ గంట లోపు. అంతా పూలమొక్కలూ బెంచీలూ ఉన్న ఒడ్డుదారి.

తాగాలనుకుంటే

లావో వైన్ ఎక్కువగా షాస్లా అనే తెల్ల ద్రాక్షది. స్విస్ వైన్‌లో దేశం దాటేది నూటికి ఒకటి రెండు పాళ్లే, కాబట్టి దీని రుచి బయట దొరకడం కష్టం. ఇక్కడ డెసిలీటర్ల లెక్కన అడుగుతారు. ఒక డెసిలీటర్ అంటే చిన్న గ్లాసు. అదైనా తోటల మధ్య ఎండలో వద్దు, వెవే చేరాక పుచ్చుకోండి. మందు అలవాటు లేనివాళ్లు ద్రాక్షరసం అడగొచ్చు.

తిరుగు ప్రయాణం

షియోన్ కోట నీళ్లలోని బండ మీద ఉంది. మీరు చేరే ఆరు, ఆరున్నర వేళకు లోపలికి రానివ్వకపోవచ్చు. చూడాలనుంటే మర్నాడు పొద్దున పెట్టుకోండి, బయటి నుంచి చూస్తే డబ్బులేమీ లేవు. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే రైలు, బస్సు, మెట్రో, పడవ అన్నీ అందులోనే. పడవలో లోజాన్‌కు తిరిగిరావడం బాగుంటుంది, పొద్దుటి నుంచీ నడిచిన వాలంతా నీళ్ల మీద నుంచి కనిపిస్తుంది. అయితే ఆఖరి పడవ వేళ కాలాన్ని బట్టి మారుతుంది, ముందురోజే చూసి పెట్టుకోండి. అది తప్పిపోతే కోట పక్కనే వెతో షియోన్ అని చిన్న స్టేషన్ ఉంది. అక్కడా రైలు ఆలస్యమయ్యేలా ఉంటే రోడ్డు మీదికొచ్చి 201 నంబరు బస్సెక్కి మోంత్రోలో దిగండి. లోజాన్ వైపు రైళ్లు అక్కడ తరచుగా దొరుకుతాయి.