ఓడలో ఫోన్ తిప్పలు: ముందు స్క్రీన్ పైన ఏ నెట్‌వర్క్ పేరుందో చూడండి

తిరుపతి గాంధీ రోడ్డులో మాది చిన్న సెల్ షాపు. రీచార్జీలు, సిమ్ములు, డిస్‌ప్లేలు మార్చడం, ఇదే పని. ఈమధ్య సింగపూర్ వెళ్లి అక్కడ క్రూయిజ్ ఎక్కేవాళ్లు, చెన్నై రేవు నుంచే ఓడలో వెళ్లేవాళ్లు మన ఊళ్లో కూడా బాగానే కనిపిస్తున్నారు. వెళ్లేముందు షాపుకొచ్చి అందరూ అడిగేది ఒకటే, "అన్నా, నడిసముద్రంలో టవర్ ఉంటుందా?" అని. ఉంటుంది. కాకపోతే ఆ టవర్ ఓడలోనే ఉంటుంది, అక్కడి నుంచి శాటిలైట్‌కి వెళ్తుంది, మీరు రోమింగ్ ప్యాక్ (మన సిమ్‌ని వేరే దేశంలో వాడుకోవడానికి వేయించుకునేది) తీసుకున్న దేశానికీ దానికీ సంబంధం లేదు. తిప్పలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

సమస్య: ఓడ కదిలిన కాసేపటికి సిగ్నల్ మొత్తం పోయింది

ఒడ్డున ఉన్న టవర్ సముద్రంలోకి కొంత దూరమే అందుతుంది. ఓడలోని టవర్‌ని మాత్రం తీరం దగ్గర ఆపేసి ఉంచుతారు, మామూలుగా 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటాకే ఆన్ చేస్తారు. ఈ రెండింటి మధ్య ఫోన్‌కి ఏదీ దొరకదు. తిరుమల ఘాట్ రోడ్డులో కొన్ని మలుపుల దగ్గర వెతుక్కున్నట్టే వెతుక్కుంటూ ఉంటుంది, ఆ వెతుకులాటలో చార్జింగ్ దిగిపోతుంది. ఫోన్ చెడిపోలేదు, సిమ్ తీసి పెట్టే పని లేదు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం బయల్దేరకముందే చెప్పండి, రాత్రికి ఫోన్ కలవకపోయినా కంగారు పడొద్దని. వాళ్ల టెన్షన్ చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

సమస్య: సిగ్నల్ నిండుగా ఉంది, కాల్ మాత్రం పోవట్లేదు

స్క్రీన్ పైన చూడండి. సెల్యులార్ ఎట్ సీ అనో, టెలినార్ మారిటైమ్ అనో, లేకపోతే ఉత్త నంబరు 901 18, 901 12 అనో ఉంటే అది ఓడ టవర్. మన దేశం నెట్‌వర్క్‌ల కోడ్ 404, 405తో మొదలవుతుంది. 901 ఏ దేశానికీ చెందని అంతర్జాతీయ కోడ్. అది కనిపిస్తూ కాల్ పోవట్లేదంటే మీ నంబరుకు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ అయి ఉండదు, లేదా మీ కంపెనీకి ఆ ఓడ నెట్‌వర్క్‌తో ఒప్పందం ఉండదు. మొదటిది ఇంటి దగ్గరే ఆన్ చేయించుకోవాలి. రెండోదానికి మీరు చేయగలిగింది ఏమీ లేదు, ఓడ వైఫై మీద ఆధారపడాల్సిందే. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినప్పుడు "సింగపూర్ రోమింగ్ ఎంత?" అని అడక్కండి, "షిప్ నెట్‌వర్క్‌లో నిమిషానికి ఎంత, ఎంబీకి ఎంత?" అని అడగండి.

సమస్య: ప్యాక్ వేయించుకున్నా వేలల్లో బిల్లు వచ్చింది

ఇది మా ఇంట్లోనే జరిగింది. మా పిన్ని, బాబాయి సింగపూర్ నుంచి ఫుకెట్ వెళ్లే ఓడ ఎక్కారు. సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్ మూడింటికీ పనిచేసే ప్యాక్ నేనే వేయించాను. తిరిగొచ్చిన నెలకు బాబాయి పోస్ట్‌పెయిడ్ బిల్లు పట్టుకొని షాపుకొచ్చారు. కౌంటర్ మీద పరిచి, స్కేలు పెట్టి ఒక్కో వరసా చూసుకుంటూ పోయాం. రాత్రి రెండు నుంచి తెల్లవారేదాకా పది పదిహేను నిమిషాలకొక ఎంట్రీ, ఒక్కొక్కటి కొన్ని ఎంబీలు. "ఆ టైముకు నేను పడుకొని ఉన్నాను కదరా" అన్నారు బాబాయి. నిజమే, ఆయన పడుకున్నారు, ఫోన్ పడుకోలేదు. సాయంత్రం డెక్ మీద తీసుకున్న ఫోటోలన్నీ ఓడ టవర్ మీదుగా బ్యాకప్ అవుతున్నాయి. దేశాల ప్యాకులు చాలావరకు ఓడ టవర్‌కు వర్తించవు, దాని రేటు వేరు, అది చాలా జాస్తి. ఆ సంగతి నేను ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ఇదే చెప్తాను.

ఓడ రేవులో ఉండగానే డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. రెండు సిమ్ములుంటే రెండింటికీ విడివిడిగా చేయాలి, చాలామంది ఒకటి ఆపి రెండోది మర్చిపోతారు. ఫోటోల బ్యాకప్, యాప్‌ల ఆటో అప్‌డేట్ ఆపండి. తర్వాత ఫ్లైట్ మోడ్ పెట్టి, అందులోనే వైఫై ఒక్కటి ఆన్ చేసుకోండి. వచ్చిన కాల్ ఎత్తినా చార్జీ పడుతుందని గుర్తుంచుకోండి, ఇక్కడిలాగా ఇన్‌కమింగ్ ఫ్రీ అనుకోవద్దు. ఇంకొకటి, సింగపూర్‌కి ఎదురుగా ఉన్న బాటమ్ దీవి ఇండోనేషియాది. ఒడ్డు పక్కనుంచి పోతుంటే ఫోన్ అటువైపు టవర్ పట్టుకోవచ్చు. సింగపూర్ ఒక్కదానికే ప్యాక్ ఉంటే అక్కడా దెబ్బే.

సమస్య: వైఫై కనెక్ట్ అయింది, నెట్ రావట్లేదు

ఓడ వైఫైకి కనెక్ట్ అవడం వేరు, ప్యాకేజీ కొని లాగిన్ అవడం వేరు. లాగిన్ పేజీ తెరుచుకోకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో వీపీఎన్, ప్రైవేట్ డీఎన్‌ఎస్ (నెట్‌ని వేరే సర్వర్ల మీదుగా తిప్పే ఆప్షన్లు) ఆన్‌లో ఉంటే ఆపి చూడండి. ఒక్క ఫోన్‌కే ప్యాకేజీ కొన్నప్పుడు భార్యాభర్తలు మార్చి మార్చి వాడుకోవాలంటే మొదటి ఫోన్‌లో లాగౌట్ కొట్టాలి, ఉత్తగా వైఫై ఆపితే చాలదు. లాగిన్ అయిన ఫోన్‌నే ఓడ వైఫై కొత్త ఫోన్ అంటుంటే, ఫోన్ తన గుర్తింపు నంబరును మార్చి చూపిస్తోందన్నమాట. ఆండ్రాయిడ్‌లో రాండమైజ్డ్ మ్యాక్, ఐఫోన్‌లో ప్రైవేట్ వైఫై అడ్రస్ అనే ఆ ఆప్షన్‌ని ఆ నెట్‌వర్క్ వరకు ఆపండి.

సమస్య: వాట్సాప్ కాల్‌లో మాట ఆలస్యంగా వినిపిస్తోంది

ఓడ వైఫై కూడా శాటిలైట్ మీదుగానే పనిచేస్తుంది. పాత పద్ధతి శాటిలైట్ 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మీ మాట అంత పైకి పోయి కిందికి రావాలి, అవతలివాళ్ల జవాబూ అంతే, అర సెకను దానికే పోతుంది. కొత్తగా వచ్చిన స్టార్‌లింక్ కంపెనీ ఇంటర్నెట్ శాటిలైట్లు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే ఉంటాయి కాబట్టి ఆ ఓడల్లో తేడా తెలుస్తుంది. రాయల్ కరీబియన్ అనే క్రూయిజ్ కంపెనీ తన ఓడలకు స్టార్‌లింక్ పెడతామని 2022లోనే ప్రకటించింది. మీ ఓడలో ఏదుందో బుకింగ్ అప్పుడే అడగండి. లేకపోతే వాయిస్ మెసేజ్‌లు పంపుకోవడమే మేలు.

సమస్య: ఓటీపీ రావట్లేదు

ఓటీపీ ఎస్సెమ్మెస్‌గా వస్తుంది, దానికి సిమ్ నెట్‌వర్క్‌లో ఉండాలి. ఓడలో కూర్చొని ఇంట్లోవాళ్ల కోసం 300 రూపాయల దర్శనం టికెట్లు బుక్ చేయబోయి, లాగిన్ ఓటీపీ రాక కోటా అయిపోయేదాకా చూస్తూ కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. డేటా రోమింగ్ ఆఫ్‌లోనే ఉందని చూసుకొని ఫ్లైట్ మోడ్ తీయండి, మెసేజ్ రాగానే మళ్లీ పెట్టేయండి, మధ్యలో కాల్ వస్తే ఎత్తకండి. అయినా రాకపోతే రేవు చేరేదాకా ఆగాలి. టికెట్లలాంటి పని ఉంటే ఊళ్లో ఉన్నవాళ్ల నంబరుతో చేయించుకోవడమే మంచిది.

సమస్య: ఫోన్‌లో టైం, ఓడ టైం కలవట్లేదు

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఫుకెట్‌లో దిగగానే ఫోన్ థాయ్‌లాండ్ టవర్ పట్టుకొని గంట వెనక్కి వెళ్తుంది. ఓడ సింగపూర్ టైంలోనే నడుస్తుంటే, ఫోన్ చూసుకొని ఇంకా గంట ఉందనుకుంటారు, అప్పటికి ఓడ బయల్దేరి ఉంటుంది, మీకోసం ఆగదు. దిగకముందే సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైం ఆపి ఓడ టైం పెట్టుకోండి, లేదా చేతికి మామూలు వాచీ కట్టుకోండి. రోజూ గదికి ఇచ్చే కార్యక్రమాల కాగితంలో తిరిగి ఎక్కాల్సిన టైం, ఆ రేవులో ఓడ తరఫున ఉండే ఏజెంట్ నంబరు ఉంటాయి. ఆ కాగితాన్ని ఫోటో తీసుకోండి, అసలు కాగితం కూడా జేబులో పెట్టుకొనే దిగండి, ఎందుకంటే ఆ ఊళ్లో మీ ఫోన్ పనిచేస్తుందో లేదో దిగితే తప్ప తెలియదు.