పెరటి కోడి ముడుచుకుని కూర్చుందా? ముందు ఇవి చూడండి

కోడి తన జబ్బును దాచుకుంటుంది. నీరసంగా కనిపిస్తే తోటి కోళ్ళే పొడుస్తాయి కాబట్టి, ఓపిక ఉన్నంతవరకు మందతోపాటే తిరుగుతుంది. ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూసి మూలన నిలబడిందంటే జబ్బు మొదలై అప్పటికే రెండు మూడు రోజులై ఉండొచ్చు. అందుకే పొద్దున్నే గూడు తలుపు తీసే ఆ రెండు నిమిషాలు నేను వేరే పని పెట్టుకోను. బాగున్న కోడి తోసుకుంటూ బయటికొస్తుంది, నూకలు చల్లగానే పరిగెత్తుతుంది. ఏది వెనకబడిందో, ఏది గింజ ముట్టలేదో గుర్తుపెట్టుకోండి.

సాయంత్రం ఆ కోడిని చేతిలోకి తీసుకుని మెడ కింద మేత సంచి తడమండి. రాత్రికి నిండుగా, తెల్లారేసరికి ఖాళీగా ఉండాలి. పొద్దున కూడా బంతిలా గట్టిగా ఉంటే లోపల మేత కదలడం లేదు. రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలితే చాలా రోజులుగా తిండి ఒంటబట్టడం లేదు. దానికి నట్టలు ఒక ముఖ్య కారణం, పశువుల ఆసుపత్రిలో అడిగి మందు తాగించండి.

ఒక్క మాట. గంపలోంచి కదలకుండా, చెయ్యి పెడితే ఈకలు లేపి గుర్రుమనే పెట్ట జబ్బుది కాదు, పొదుగుకు వచ్చింది. ఏడాదికోసారి ఈకలు రాల్చుకుని గుడ్లు ఆపేసినా టెన్షన్ పడకండి.

రెట్ట ఎలా ఉంది?

మామూలు రెట్ట గోధుమ రంగులో, పైన తెల్లటి మచ్చతో గట్టిగా ఉంటుంది. మధ్యమధ్యలో జిగురుగా, ముదురు రంగులో, కంపు కొట్టేది వేస్తుంది. అది కూడా మామూలే.

పిల్లల రెట్టలో నెత్తురు కనిపిస్తే కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు అయ్యే అవకాశం ఎక్కువ. కారణం తడి. నీళ్ళు ఒలికి ఊక ముద్దకట్టిన చోటే ఇది పెరుగుతుంది. తడి ఊక మొత్తం ఎత్తేసి పొడి ఊక పరవండి. ఆంప్రోలియం అనే మందు నీళ్ళలో కలిపి ఇస్తారు, మోతాదు డాక్టర్ చెప్పినట్టే వాడండి. ఆలస్యం చేస్తే పిల్లలు దక్కవు.

పచ్చటి రెట్ట, మెడ వంకర

నోరు తెరిచి ఎగశ్వాస, ఆకుపచ్చగా పలచటి రెట్ట, రెక్క వేలాడటం, నాలుగు రోజులు గడిచాక మెడ మెలితిరగడం: ఇవి కొక్కెర తెగులు లక్షణాలు. ఉత్తరాఖండ్‌లోని ఊరి పేరుతో రాణిఖేత్ అని కూడా అంటారు. వచ్చాక దీనికి మందు లేదు. సంతలో కొన్న రెండు పెట్టల్ని తెచ్చిన రోజే మా మందలో వదిలాను. వారం తిరక్కుండా పద్నాలుగింటిలో పదకొండు పోయాయి. అప్పటినుంచి కొత్త కోడిని మూడు వారాలు వేరే గంప కింద, వేరే నీళ్ళ గిన్నెతో ఉంచుతున్నాను.

టీకా ఒక్కటే దారి. పిల్లకు మొదటి వారంలో కంట్లో లసోటా చుక్క, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్2బి. మధ్యలో ఇంకో డోసు ఎప్పుడో డాక్టర్ని అడగండి. టీకా మంచులో పెట్టి తేవాలి, కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. బాగున్న కోళ్ళకే వేయించాలి.

"ఎలాగూ చచ్చేదే, కోసేద్దాం" అనకండి. ఆ ఈకలు, పేగులు పెంటకుప్ప మీద పడితే కుక్కలూ కాకులూ ఊరంతా తిప్పుతాయి. చచ్చిన కోడిని సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి.

ఒకేసారి చాలా కోళ్ళు పడిపోయి, తల వాచి, తురాయి నీలం తిరిగితే బర్డ్ ఫ్లూ అయ్యుండొచ్చు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో వచ్చింది. ఒట్టి చేతుల్తో ముట్టుకోకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి, వెంటనే పశువైద్య సహాయం నంబరు 1962కి ఫోన్ చేయండి.

తురాయి పాలిపోయింది

రాత్రి టార్చ్ వేసి గూటి చెక్కల సందులు చూడండి. ఎర్రటి చిన్న పురుగులు పగలు అక్కడ దాక్కుని, రాత్రి కోడి నెత్తురు తాగుతాయి. కోడికి ఎంత మందు రాసినా గూడు శుభ్రం చేయకపోతే లాభం లేదు. గూటికి వాడే మందు డాక్టర్‌ని అడిగి తీసుకోండి, పెరట్లో బూడిద కలిపిన పొడిమట్టి గుంట పెట్టండి.

ముఖం మీద పొక్కులు

మశూచి. దోమలు అంటిస్తాయి. కోడిని వేరు చేసి, పొక్కులకు అయోడిన్ మందు రాయండి. పొక్కులు గిల్లొద్దు. నోట్లో పసుపు రంగు పొర కడితే ఆసుపత్రికే.

తోక దించి ముక్కుతోంది

గుడ్డు ఇరుక్కుంది. నిటారుగా నిలబడి, మాటిమాటికీ గూట్లోకి వెళ్ళి ఊరికే తిరిగొస్తుంటుంది. టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి, పొట్ట మునిగేలా పదిహేను ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. మొదట గింజుకుంటుంది, కాసేపటికి కళ్ళు మూసుకుని ఒళ్ళు వదిలేస్తుంది. తర్వాత మలద్వారం దగ్గర కొబ్బరినూనె రాయండి. పొట్ట నొక్కకండి. గుడ్డు లోపల పగిలితే ప్రాణం మీదికొస్తుంది. మర్నాటికీ రాకపోతే డాక్టర్ చూడాలి. గుడ్డు వస్తే కోడికి నీళ్ళు తాగించి, ఒళ్ళు తుడిచి, ఆ రాత్రి గంప కింద వెచ్చగా ఉంచండి. మర్నాటి నుంచి ఎండబెట్టి దంచిన గుడ్డు పెంకులు మేతలో కలపండి.