మృగశిర రాకముందే మీ హార్డ్‌డిస్క్ సంగతి చూసుకోండి

హైదరాబాద్‌లో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌కు గడ్డుకాలం రోహిణి కార్తెతో మొదలై దసరా దాకా సాగుతుంది. మే చివర్లో టాప్ ఫ్లోర్ ఇళ్లలో ఫ్యాను కింద కూర్చున్నా వడగాలే. సాయంత్రమయ్యేసరికి గాలిదుమారం లేచి ఎక్కడో కొమ్మ విరిగి తీగల మీద పడుతుంది. కరెంటు పోతుంది, వస్తుంది, రెండు నిమిషాలకు మళ్లీ పోతుంది. మృగశిరకు చల్లబడిందని ఊపిరి పీల్చుకునేలోపే చెమ్మ, సెల్లార్లలో నీళ్లు. బాగున్న డిస్క్ ఇవన్నీ తట్టుకుంటుంది. ఇప్పటికే నలతగా ఉన్నది మాత్రం ఈ సీజన్ దాటడం కష్టం. జూన్ మొదటి వారంలోపు ఒక ఆదివారం దీనికోసం పక్కన పెట్టండి.

నలత ఎలా తెలుస్తుందంటే, క్లిక్ చేయగానే తెరుచుకునే ఫోల్డర్ ఇప్పుడు అరనిమిషం తీసుకుంటుంది. కొన్ని ఫొటోలు సగం దాకా వచ్చి కింది సగం బూడిదరంగులో ఆగిపోతాయి. డ్రైవ్ దానంతటదే మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంది. లేదా, వాడుకోవాలంటే ముందు ఫార్మాట్ చేయాలని విండోస్ అడుగుతుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ముందు కాపీ చేసుకోండి, రోగమేమిటో తర్వాత చూడొచ్చు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. గంటల తరబడి స్కాన్లు పెట్టి, నాలుగు వీడియోలు చూసి, దొరికిన సాఫ్ట్‌వేరల్లా దించుకుని, ఇక ఫైళ్లు తీసుకుందాం అనుకునే వేళకు డిస్క్ లేవదు. పాడవుతున్న డిస్క్ ఇంకెన్ని గంటలు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ కాస్త ఆయుష్షు కాపీకే వాడాలి.

కాపీకి ముందు చూడాల్సినవి మూడే: కేబుల్, పోర్టు, శబ్దం. మొదట కేబుల్, అది రెండు నిమిషాల పని. చిన్న డిస్క్‌లలో చాలావాటికి పెద్ద గడి, దాని పక్కనే చిన్న గడి ఉన్న వెడల్పాటి సాకెట్ ఉంటుంది. మైక్రో బీ అంటారు. కేబుల్ తగిలించి ఉంచే బ్యాగులో కుక్కడం వల్ల అది మెల్లగా వదులైపోతుంది. కంప్యూటర్‌కు పెట్టకుండా కేబుల్ కొనను డిస్క్‌లో ఉంచి చూడండి. బాగుంటే బిగుతుగా కూర్చుంటుంది. అరిగిపోయి ఉంటే పైకీ కిందికీ ఊగుతుంది, డిస్క్‌ను తలకిందులు చేస్తే జారి చేతిలోకి వస్తుంది. అలా ఉంటే మంచి పొట్టి కేబుల్ ఒకటి కొనండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే మనమంతా సీటీసీ అనేచోట, పాత కేబుల్ చూపిస్తే సరిపడేది ఇస్తారు.

పోర్టు కూడా మార్చి చూడండి. ఈ చిన్న డిస్క్‌లకు వేరే అడాప్టర్ ఉండదు, 5 వోల్టుల యూఎస్‌బీ కరెంటుతోనే నడవాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం 0.5 ఆంపియర్లు, 3.0 పోర్టు 0.9 ఆంపియర్లు ఇస్తుంది. మోటారు లేచే క్షణంలో డిస్క్ ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకే చవక హబ్బు మీద, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ మీద, సీపీయూ ముందువైపు పోర్టు మీద మొరాయించేది వెనక పోర్టులో పెట్టగానే బుద్ధిగా పనిచేయడం మామూలే. అలా పనిచేస్తే సంతోషమే, అయినా ఆ పూటే కాపీ తీసుకోండి.

ఇక శబ్దం. గదిలో ఫ్యాన్ ఆపి చెవి దగ్గర పెట్టి వినండి. సన్నని గరగర, అప్పుడప్పుడు చిన్న కదలిక వినిపిస్తే మామూలే. టక్... టక్... టక్ అని ఒకే లయలో కొట్టుకుని చివరికి ఆగిపోతుందంటే లోపల గుండ్రటి ప్లేటు మీది డేటాను చదివే హెడ్ దెబ్బతిన్నదని అనుమానించాలి. సన్నగా కూతలాంటి చప్పుడు వస్తూ మోటారు తిరగకపోతే కరెంటు చాలడం లేదన్నమాట, లేదా హెడ్ ప్లేటుకు అతుక్కుపోయి ఉంటుంది. కేబుల్, పోర్టు మార్చాక కూడా అదే చప్పుడైతే పీకేసి పక్కన పెట్టండి, మళ్లీ ఆన్ చేయొద్దు. ఈ డిస్క్‌లలో ఎక్కువభాగం నిమిషానికి 5,400 చుట్లు, అంటే సెకనుకు 90 చుట్లు తిరుగుతాయి. ప్లేటుకూ హెడ్‌కూ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లే. హెడ్ వంగి ఉంటే మీరు 'ఒక్కసారి చూద్దాం' అన్న ప్రతిసారీ అది గీకేది మీ ఫైళ్లున్న పూతనే. ఇలాంటి డిస్క్‌కు ఇంట్లో వైద్యం లేదు, దుకాణం సంగతి చివర్లో చెప్తాను.

కాపీ ఎలా తీయాలి

టక్ టక్ లేదంటే కాపీ మొదలుపెట్టండి. డ్రైవ్ మొత్తం సెలెక్ట్ చేసి లాగి పడేయడం ఇక్కడ పనికిరాదు. మళ్లీ దొరకనివి ముందు తీయాలి: పిల్లల ఫొటోలు, పెళ్లి వీడియోలు, ఇంటి కాగితాల స్కాన్లు, షాపు ఉంటే ట్యాలీ డేటా. సినిమాలు ఆఖరున. అవి ఇంకెక్కడైనా దొరుకుతాయి, తాతగారి షష్టిపూర్తి వీడియో దొరకదు. కట్ కాకుండా కాపీయే కొట్టండి, మధ్యలో ఆగినా మూలం ఉన్నచోటే ఉంటుంది. ఫోల్డర్ తెరిచినప్పుడు పెద్ద బొమ్మలు కాకుండా లిస్ట్ వ్యూ పెట్టుకోండి. బొమ్మలు చూపించడానికి విండోస్ ప్రతి ఫొటోనూ చదవబోతుంది, నలిగిన డిస్క్‌కు ఆ భారం అనవసరం. యాంటీవైరస్ స్కాన్ చేస్తానన్నా వద్దనండి. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చండి.

ఒక ఫోల్డర్ దగ్గర సెకనుకు 90 ఎంబీతో పోతున్న కాపీ హఠాత్తుగా సున్నాకు పడిపోతుంది. పచ్చ గీత నేలకు ఆనుకుపోతుంది, డిస్క్ లైటు మాత్రం ఆగకుండా వెలుగుతుంటుంది. డిస్క్ అక్కడ చదవలేని చోటు తగిలి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందన్నమాట. ఎదురు చూడకండి. క్యాన్సిల్ కొట్టి, ఆ ఫోల్డర్ పేరు కాగితం మీద రాసుకుని, తర్వాతి దానికి వెళ్లండి. వదిలేసినవాటి దగ్గరకు చివర్లో వద్దురు గాని. కమాండ్ విండో అలవాటున్నవారికి విండోస్‌లోనే ఉండే కాపీ కమాండ్ రోబోకాపీ ఇంకా మేలు. అయితే సొంత సెట్టింగ్‌తో వదిలేస్తే అది చదవలేని ఒక్కో ఫైల్‌ను 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి మరీ! కమాండ్ చివర /R:1 /W:1 అని ఇస్తే ఇంకొక్కసారి చూసి ముందుకు పోతుంది.

లైనక్స్ తెలిసినవాళ్లు దగ్గరుంటే డీడీరెస్క్యూ అడగండి, ఉచితమే. అది డిస్క్ మొత్తాన్ని ఇంకో పెద్ద డిస్క్‌లోకి నకలు తీస్తుంది. సులువుగా వచ్చేవి ముందు తీసుకుని మొండి చోట్లకు తర్వాత వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా ఆగినచోటి నుంచే సాగుతుంది. మన ఊళ్లో మే, జూన్ నెలల్లో ఇది చిన్న సదుపాయం కాదు.

ఆరోగ్యంగా ఉన్న 1 టీబీ డిస్క్ 3.0 పోర్టులో సెకనుకు 100 ఎంబీ చొప్పున వస్తే దాదాపు మూడు గంటల్లో కాపీ అవుతుంది. 2.0 పోర్టులో ఎనిమిది గంటలకు తక్కువ కాదు. అంతసేపు నడిచే డిస్క్‌ను పౌచ్‌లోనుంచి తీసి గట్టి టేబుల్ మీద పెట్టి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ తిప్పండి. పరుపు మీద, దిండు మీద వద్దు. వేడి 50 డిగ్రీలు దాటితే కాసేపు ఆపండి. ఎండాకాలం పగటిపూట కంటే తెల్లవారుజామున పెట్టుకోవడం మంచిది.

నెమ్మదిగా ఉన్నంత మాత్రాన టెన్షన్ పడక్కర్లేదు. పోర్టబుల్ డిస్క్‌లలో చాలావాటిలో ట్రాకులు ఒకదానిమీదొకటి ఎక్కేలా రాసే ఎస్ఎంఆర్ పద్ధతి ఉంటుంది. వాటిలోకి పెద్ద ఫైళ్లు ఎక్కిస్తుంటే కాసేపటికి వేగం దారుణంగా పడిపోతుంది. అది వాటి తీరే. ఫైళ్లు బయటికి తీసేటప్పుడు కూడా నత్తనడకైతేనే అనుమానించాలి.

కాపీ అయ్యాక ఇప్పుడు పరీక్ష పెట్టుకోండి. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఉచితంగా దొరుకుతుంది. నీలం బాగుందని, పసుపు జాగ్రత్తని, ఎరుపు పోయిందని. రంగుతో ఆగక 05, సీ5, సీ6 వరసలు చూడండి. 05 అంటే పాడై, వాటి బదులు వేరే చోటు కేటాయించిన సెక్టార్లు, అంటే డిస్క్ డేటా రాసుకునే చిన్న గడులు. సీ5 చదవలేక పెండింగ్‌లో ఉన్నవి. సీ6 ఇక చదవలేమని తేల్చినవి. సెట్టింగ్ మార్చకపోతే అందులో అంకెలు హెక్సాడెసిమల్‌లో ఉంటాయి, 10 అని కనిపిస్తే 16 అని అర్థం. ఈ మూడూ సున్నా ఉండాలి. ఏదైనా వారం వారం పెరుగుతుంటే ఆ డిస్క్‌ను సినిమాలకు తప్ప దేనికీ నమ్మొద్దు. అన్నీ సున్నా ఉన్నా హామీ ఏమీ లేదు, చెప్పాపెట్టకుండా పోయే డిస్క్‌లూ ఉంటాయి.

చేయకూడనివి

"ఫార్మాట్ కొడితే సెట్ అయితదన్నా" అని దుకాణాల్లో కుర్రాళ్లు తేలిగ్గా చెప్పేస్తుంటారు. డిస్క్ సెట్ అవుతుందేమో, ఫైళ్లు మాత్రం పోతాయి. విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ అంటే డిస్క్ మొత్తం మీద సున్నాలు రాయడమే. చెక్‌డిస్క్ కూడా కాపీకి ముందు వద్దు. అది ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే సాధనం, ఆ సరిచేయడంలో ఫైళ్లు ముక్కలైనా దానికి పట్టదు. పైగా /R స్విచ్‌తో నడిపితే బ్యాడ్ సెక్టార్ల కోసం డిస్క్ అంతా ఈ కొస నుంచి ఆ కొస దాకా గాలిస్తుంది.

ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా ఇప్పటికీ తిరుగుతోంది. జూన్ చెమ్మలో ఫ్రీజర్‌లోంచి తీసిన వస్తువు మీద నీళ్లెలా పడతాయో మన వంటగదిలో రోజూ చూస్తున్నదే. మూత విప్పడం, ఇంకో డిస్క్ సర్క్యూట్ బోర్డు తెచ్చి బిగించడం కూడా అంతే. ఆ బోర్డు మీది చిప్‌లో ఆ ఒక్క డిస్క్‌కే సరిపోయే వివరాలుంటాయి, వేరేది పెడితే పనిచేయదు.

వాన మొదలయ్యాక

కాపీ పని డెస్క్‌టాప్ కంటే బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్‌లో చేసుకోండి. అడాప్టర్‌తో నడిచే పెద్ద డిస్క్ అయితే దాన్ని కూడా యూపీఎస్ మీద పెట్టాలి, కంప్యూటర్‌ను ఒక్కదాన్నే పెడితే లాభం లేదు. ఉరుములు మొదలవగానే కాపీ ఆపి, సేఫ్‌లీ రిమూవ్ కొట్టి తీసేయండి. ఏసీ గదిలోంచి బయటికి, బయటినుంచి ఏసీలోకి తెచ్చిన డిస్క్‌ను వెంటనే పెట్టకుండా అరగంట ఆగండి. బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచడం మంచిది. బీరువాలో పై అరలోనే ఉంచండి.

పై అర అని ఎందుకంటున్నానంటే, 2020 అక్టోబరు 13 రాత్రి వాన గుర్తుండే ఉంటుంది. టోలిచౌకి నదీమ్ కాలనీ, హఫీజ్‌బాబా నగర్ లాంటి చోట్ల గ్రౌండ్ ఫ్లోర్లు మునిగాయి. ఈ పోర్టబుల్ డిస్క్‌లు పూర్తిగా సీల్ చేసినవి కావు. లోపలి డిస్క్ మీద గాలి ఆడటానికి చిన్న రంధ్రం ఉంటుంది, మునిగితే అక్కడినుంచి నీళ్లు పోతాయి. తడిసిన డిస్క్‌ను బియ్యంలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ పట్టకండి, ఆరింది కదా అని కంప్యూటర్‌కు అసలే పెట్టకండి. మురికినీళ్లు ఎండితే ఆ మడ్డి ప్లేటు మీదే గట్టిపడుతుంది. తడిగుడ్డలో చుట్టి, జిప్ కవర్‌లో వేసి, అలాగే డేటా రికవరీ వాళ్లకు ఇవ్వండి.

వాళ్ల దగ్గరకు వెళ్లినప్పుడు మొదట అడగాల్సింది: ఇక్కడే చేస్తారా, బయటికి పంపిస్తారా? డిస్క్ విప్పాల్సి వస్తే దుమ్ము లేని క్లీన్ బెంచ్ ఉందా? కౌంటర్ మీదే స్క్రూడ్రైవర్ తీస్తే డిస్క్ తీసుకుని వచ్చేయండి. డిస్క్‌ను పెట్టెలోంచి విడదీయకుండా దాని కేబుల్‌తో సహా ఇవ్వండి. కొన్ని కంపెనీల డిస్క్‌లలో ఎన్‌క్రిప్షన్, అంటే ఫైళ్లకు రహస్య తాళం వేయడం, పెట్టెలోని యూఎస్‌బీ బోర్డు మీదే జరుగుతుంది, అది పోతే ఫైళ్లు వచ్చినా తెరుచుకోవు. వారంటీ ఉంటే కొత్త డిస్క్ ఇస్తారు గాని డేటా బాధ్యత మీదే, కాబట్టి డేటా ముఖ్యమైతే వారంటీకి తొందరపడి అప్పగించొద్దు. పూర్తి డబ్బు కట్టేముందు ఏ ఫైళ్లు వచ్చాయో లిస్ట్ అడిగి, అక్కడే నాలుగైదు ఫొటోలు, ఒక వీడియో చివరిదాకా తెరిచి చూడండి. పాత డిస్క్ కూడా వెనక్కి తీసుకోండి. ఆధార్, పాన్ స్కాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అందులో ఇంకా ఉండొచ్చు.